వనమునుండి మరలునపుడు

ప్రయాణమునకు బయలుదేరుటను గూర్చి మన పెద్దలు పెక్కు నియమములు చెప్పియున్నారు. తిథివార నక్షత్రములు చూచుట, శకునము పాటించుట, ఇష్టదైవమునకు మ్రొక్కి గడప దాటుట అందరికిని తెలిసినవే. మరలివచ్చుటను గూర్చి మాత్రము మనము అంతగా ఆలోచింపము. కాని మనుష్యుని స్వభావము బయలుదేరునప్పటికంటె మరలునప్పుడే బాగుగా బయటపడును. విందునకు వచ్చినవాని మర్యాద పీటపై కూర్చుండునపుడు కాదు, విస్తరిముందు నుండి లేచునపుడు తెలియును. ఆలయమునందును అంతియే. సన్నిధినుండి మరలునపుడు స్వామికి వీపు చూపక నాలుగడుగులు వెనుకకు నడచి వచ్చుట మన సంప్రదాయము. తీర్థము, శఠారి స్వీకరించిన పిదప ఇంకను ఏదియో రావలసియున్నదని అర్చకునితో వాదము పెట్టుకొనువాడు భక్తుడు కాడు. ఇచ్చినదానితో కన్నులు మూసికొని ఒక్క నిమిషము కూర్చుండి లేచి వచ్చువాడే యాత్రాఫలము నందినవాడు.

ఈ కాలమున గృహస్థులలో మరియొక విధమైన యాత్ర వ్యాపించినది. సెలవులు రాగానే పిల్లలతో అడవికి పోయి, గుడారములలో రెండు మూడు రాత్రులు గడపి, తెరచిన జీపులలో ఉదయ సాయంకాలములు తిరిగి, మృగములను చూచి వచ్చుచున్నారు. దీనిని సఫారి అందురు. ప్రయాణమను అర్థము గల అరబ్బీ మాట తూర్పు ఆఫ్రికాలోని స్వాహిలీ భాషలో ప్రవేశించి, అచ్చట నుండి లోకమంతయు తిరిగి మన యిండ్లకు చేరినది. ఒకప్పుడు ఆ మాటకు వేటయాత్ర యని అర్థము ఉండెడిది. నేడు తుపాకి పోయి కెమెరా వచ్చినది. చాల మంచి మార్పే.

అయినను ఒక ప్రశ్న మిగిలియున్నది. చూడవలెనని పోయిన మృగము చివరి దినము వరకు కనబడకున్నచో, రుసుము చెల్లించి వచ్చినవానికి ఆ యడవిపై ఎంత అధికారము కలదు? చంపుట పాపమని అందరును ఒప్పుకొందురు. చూచుటలో కూడ ధర్మాధర్మములు ఉన్నవా? ఇది చిన్న ప్రశ్నగా తోచవచ్చును. కాని దీని వేరులు లోతైనవి. కావున కొంచెము విచారింతము.

నల్లమల

నల్లమల మనకు క్రొత్త కాదు. తిరుమల ఫణములుగను, అహోబిలము నడుముగను, శ్రీశైలము తోకగను ఆదిశేషుడే ఈ కొండల రూపమున శయనించియున్నాడని పెద్దల నమ్మిక. ఆ వరుసలో శ్రీశైలమును, అహోబిలమును తన యొడిలో దాచుకొన్న యడవి నల్లమల. కృష్ణవేణి దీనిని చీల్చుకొని పారుచున్నది. నల్లమద్ది, ఏగి, టేకు, తునికి, వెదురు దట్టముగా పెరుగును. పెద్దపులి, చిరుతపులి, ఎలుగుబంటి, రేచుకుక్క, కణుజు, దుప్పి, మనుబోతు, కొండగొర్రె, అలుగు ఇచ్చట నివసించుచున్నవి. వీరందరికిని ముందునుండి ఉన్న మనుష్యులు చెంచులు. వేరులు, దుంపలు, తేనె వారి బ్రతుకుతెరువు.

ఈ యడవి 1978లో అభయారణ్యముగా ప్రకటింపబడినది. 1983లో పులుల సంరక్షణ ప్రణాళికలో చేర్పబడినది. 2014లో రాష్ట్ర విభజన జరిగిన పిమ్మట కృష్ణకు ఉత్తరపు వైపు భాగము తెలంగాణమున అమ్రాబాదు పులుల అభయారణ్యమైనది. దక్షిణపు భాగము ఆంధ్రప్రదేశమున నాగార్జునసాగర్–శ్రీశైలము పులుల అభయారణ్యముగా నిలిచినది. అమ్రాబాదు అభయారణ్యము ఒక్కటియే 2,600 చదరపు కిలోమీటర్లకు పైబడిన విస్తీర్ణము గలది. భాగ్యనగరమునుండి శ్రీశైలము పోవు దారిలో మన్ననూరు దాటగానే ఆ యడవిలో ప్రవేశింతుము. దగ్గరలోని ఫరహాబాదు నిజాము ప్రభువుల వేటస్థలము. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టము వచ్చిన పిదప దేశమంతట వేట నిషిద్ధమైనది. భారతదేశమున 2006లో పెద్దపులులు 1,411 మాత్రమే అని లెక్క తేలినది. 2022 నాటి అంచనా 3,682. ఒకనాడు ప్రభువులు గురి చూచిన చోటనే నేడు సామాన్య గృహస్థుడు పిల్లలతో నిలిచి, లోయవంక చూచి, చేతులు జోడించి మరలుచున్నాడు. కాలము తెచ్చిన ఈ పుణ్యమును తక్కువగా ఎంచరాదు.

ఒక చివరి సాయంకాలము

గడచిన ధనుర్మాసమున బడి సెలవులు రాగా, మా కుమారుడు భార్యాబిడ్డలతో మన్ననూరు ప్రాంతమున మూడు రాత్రులు విడిది యేర్పరచుకొని నన్నును వెంట గొనిపోయెను. మేము సికింద్రాబాదు మారేడ్‌పల్లి వాస్తవ్యులము. ఆ పేటకు పేరునందు మాత్రము మారేడు నిలిచియున్నది. తక్కినదంతయు ఇండ్లు, బండ్లు. అట్టి చోట పుట్టిన పిల్లవానికి అడవి చూపవలెనను కోరిక తండ్రికి కలుగుట సహజము. బ్రాహ్మీముహూర్తమున గుడారములో కూర్చుండి, ఇతరులకు నిద్రాభంగము కాకుండ, తిరుప్పావై ముప్పది పాశురములను మెల్లగా అనుసంధించుకొనుచుంటిని. వెలుపల పక్షులు ఒక్కొక్కటిగా మేల్కొనుచుండెను. ఆండాళ్ తల్లి పక్షుల కూతలను సాక్ష్యముగా చూపి చెలులను ఎందులకు లేపినదో పట్టణపు ఇంటిలో కంటె ఆ గుడారములో బాగుగా తెలిసినది.

మొదటి దినమున మనుమనికి అన్నియు వింతలే. ఎత్తైన కొమ్మపై తోక వ్రేలాడవేసిన బెట్టుడుతను చూచి కేరింతలు కొట్టెను. రెండు చెట్లనడుమ అల్లిన సాలెగూటిపై మంచుబిందువులను లెక్కపెట్టెను. రెండవ దినమున దుప్పుల గుంపు ఎదురుపడగా, "మళ్ళీ దుప్పులేనా?" అనెను. మూడవ దినమునకు బెట్టుడుత లేదు, నెమలి లేదు, సాలెగూడు లేదు; పులి యొక్కటియే మిగిలినది. అదియు కనబడనిది. దినములు తరుగుచున్న కొలదియు చూపు విశాలము కావలసినది పోయి ఇరుకగుచుండెను. ఈ మాట బాలునిగూర్చి మాత్రమే చెప్పుటలేదు. జీపులోని పెద్దలందరి స్థితియు అదియే.

చివరి సాయంకాలము ఒక వాగు మలుపున కణుజు గట్టిగా అరచినది. చెట్టుపైనుండి కొండముచ్చు దగ్గినట్లు హెచ్చరిక చేసినది. దారి చూపు చెంచు యువకుడు చేయి యెత్తగానే జీపు నిలిచినది. పది నిమిషములు ఎవరును ఊపిరి తీసిన చప్పుడు లేదు. వెదురుపొదల వెనుక ఏదియో ఉన్నదని అందరికిని తెలియుచుండెను, కనబడుట లేదు. అప్పుడు మా జీపులోనే ఉన్న వేరొక కుటుంబపు పెద్దమనిషి జేబునుండి నోట్లు తీసి, బండిని దారి విడిచి పొదలవైపు పోనిమ్మని ఆ యువకుని అడిగెను. ఆ యువకుడు నోట్లవైపు చూడలేదు.

"అటు పోవద్దు సారూ. పిల్లల తల్లి ఉన్నది ఆడ. పైసలకు తెరిచే తోవ కాదు అది" అని మెల్లగా చెప్పి, బండిని వెనుకకు మరలింపజేసెను. మరలు దారిలో ఎవరో పారవేసిన బిస్కెట్టు కాగితము కనబడగా దిగి, దానిని మడచి తన జేబులో పెట్టుకొనెను. పెద్దమనిషి విడిది చేరువరకు మాటలాడలేదు.

రాత్రి భోజనమైన పిదప మనుమడు నాప్రక్కన చేరి, "తాతయ్యా! ఆయన పులిని చంపమనలేదు గదా, చూపించమన్నాడు. చూస్తే పులికేం పోతుంది?" అని అడిగెను. పిల్లల ప్రశ్నలలో ఒక్కొక్కప్పుడు పూర్వపక్షమంతయు ఇమిడియుండును. ఈ వ్యాసము ఆ ప్రశ్నకు సమాధానమే.

చూచుటవలన పోవునదేమి?

ముందుగా లౌకికమైన సమాధానము. ఆడుపులి తన కూనలను ఒంటరిగా పెంచును. తండ్రి సాయము సాధారణముగా ఉండదు. వేటకు పోవునపుడు వానిని గుహలలోనో పొదలలోనో దాచి పోవును. మనుష్యుల రాకపోకలవలన ఆ చోటు క్షేమము కాదని తోచినచో, ఒక్కొక్క కూనను నోట కరచుకొని వేరుచోటికి చేర్చవలెను. పొంచిన ప్రతిసారియు దానికి ఆహారము దొరకదు. పెక్కు ప్రయత్నములలో ఒక్కటి ఫలించును. ఆ యొక్కటి జీపు చప్పుడువలన చెడిపోయినచో తల్లికిని కూనలకును ఉపవాసము. కూనలు ఇంచుమించు రెండేండ్లు తల్లిని ఆశ్రయించియుండును. కావున మనకు రెండు నిమిషముల వేడుక ఆ తల్లికి ఒక పూట కూడు కావచ్చును. చూపు బాణము కాదు, నిజమే. కాని చూపును వెంటబెట్టుకొని వచ్చు చక్రములు, వెలుతురు, కేకలు, పరిమళద్రవ్యములు ఉన్నవి గదా!

ఇక శాస్త్రీయమైన సమాధానము. శ్రీమద్రామాయణమున అరణ్యకాండ ఈ విషయమున మనకు గురువు. దండకలో ప్రవేశించిన తొలినాళ్లలో సీతమ్మవారు స్వామికి ఒక కథ చెప్పినది. ఒక తాపసుని తపమునకు విఘ్నము కలిగింపదలచి ఇంద్రుడు భటవేషమున వచ్చి, ఒక ఖడ్గమును దాచియుంచుమని యిచ్చి పోయెను. ఒప్పుకొన్న సొత్తును కాపాడవలెనను శ్రద్ధతో తాపసుడు కందమూలములకు పోవునపుడు కూడ దానిని చేత ధరించి పోవుచుండెను. నిత్యము ఆయుధము చేత నుండుటచేత క్రమముగా మనస్సు క్రౌర్యమునకు అలవడి, తపస్సు చెడెను. ఎంత సూక్ష్మమైన ధర్మము! ఆయన ఎవరిని చంపవలెననియు బయలుదేరలేదు. చేతనున్న సాధనము మనస్సును తనవైపు త్రిప్పుకొన్నది. నేటి కెమెరా, సెల్‌ఫోను ఖడ్గములు కావు. వానిలో దోషము లేదు. అయినను అవి చేత నున్నంతసేపు మనస్సు "ఇది పట్టుబడునా? ఇది నాదగునా?" అనియే చూచును. మూడవ దినమున సాలెగూడు కనబడకపోవుటకు కారణము సాలెగూడు లేకపోవుట కాదు.

ఆ కాండమందే బంగారులేడి కథ కలదు. వనవాసపు గడువులో పెక్కుభాగము గడచిన పిమ్మట ఆ మాయామృగము కనబడినది. అప్పుడు అమ్మవారు, వనవాసము ముగిసి నగరమునకు మరలిన తరువాత ఆ మృగము అంతఃపురమునకు అలంకారము కాగలదని పలికినది. ప్రాణముతో చిక్కనిచో చర్మమైనను కావలెనన్నది. ఇది రావణవధకై నడచిన దివ్యలీల. ప్రాణులను నిష్కారణముగా బాధింపరాదని స్వామికే విన్నవించిన తల్లియందు దోషమెన్నుట మన పని కాదు. అయితే మహర్షి మనకొరకు ఉంచిన సూచనను గ్రహింపవచ్చును. ఇంటికి మరలు కాలము చేరువైనపుడు అడవిలోనిది ఏదియైన వెంట గొనిపోవలెనను కోరిక పుట్టును. ఆ కోరికకు మాయ సులభముగా బంగారుపూత పూయును. అప్పుడు గీటు దాటించు శబ్దములన్నియు నిజమైన పిలుపులుగానే వినబడును.

ఇప్పుడు మహాభారతమునకు వత్తము. పాండవులు ద్వైతవనమున నివసించుచుండగా, ఒక రాత్రి ధర్మరాజు కలలో ఆ వనమందలి మృగములు వణకుచు, కన్నీరు కార్చుచు నిలిచినవి. మీ వేటవలన మా జాతులు తరిగిపోయి, విత్తనమునకు మాత్రము మిగిలితిమి. మేము మరల వృద్ధినొందునట్లు మీరు వేరుచోటికి తరలుడని వేడికొన్నవి. మేల్కొన్న ధర్మరాజు తమ్ములకు ఆ కల చెప్పి, మృగములు నిజమే పలికినవని నిశ్చయించి, పరివారముతో కామ్యకవనమునకు తరలిపోయెను.

ఈ చిన్న ఘట్టమును మనము చదివి త్వరగా దాటిపోవుదుము. ఆగి చూడవలెను. పాండవులు వేడుకకై వేటాడలేదు. ఆశ్రయించిన బ్రాహ్మణులతోసహ వారందరికి అది జీవనాధారము. క్షత్రియులకు మృగయ నిషిద్ధము కాదు. తరలిపొమ్మని ఆజ్ఞాపించగల అధికారి ఎవడును ఆ వనమున లేడు. సాక్ష్యము ఒక కల మాత్రమే. కల గదా యని ప్రక్కకు తిరిగి పరుండియుండవచ్చును. ధర్మరాజు అట్లు చేయలేదు. నోరులేని ప్రాణి మొరను చెవితో వినలేము. వినుటకు ధర్మరాజు మనస్సు కావలెను. అతిథి ఎప్పుడు లేవవలెనో గృహస్థు చెప్పనక్కరలేకుండ తెలిసికొనుటయే అతిథిధర్మము. అవసరమున్న వారికే ఇట్టి ధర్మము విధింపబడగా, కేవలము వేడుకకు పోయిన మనకు వేరే ధర్మమున్నదా?

రెండు ఆక్షేపణలు

ఇచ్చట కొందరు ఇట్లనవచ్చును: "మేము చెల్లించు ధనమువలననే గదా అడవికి కాపలా నడచుచున్నది? చెంచు యువకులకు జీతము వచ్చుచున్నది? కావున కొంచెము ఎక్కువ చూపుమనుటలో తప్పేమి?" ఈ మాటలో మొదటి భాగము సత్యము. అడవిని చూచి ప్రేమించువారు లేనిచో దానిని కాపాడువారును కరవగుదురు. 2019లో నల్లమలలో యురేనియము అన్వేషణ మాట రాగా పట్టణములలోని ప్రజలు కూడ చెంచులతో గొంతు కలిపిరి. ఆ సంవత్సరమే తెలంగాణ శాసనసభ ఆ త్రవ్వకములు వలదని తీర్మానించినది. ఒక్కసారియైన ఆ చెట్లనీడను నిలిచినవారికే ఆ యావేదన కలుగును. కావున పిల్లలను అడవికి గొనిపోవుట మానవలెనని నేను చెప్పుటలేదు, తప్పక గొనిపోవలెను.

ఐనను రుసుము దేనికి చెల్లించితిమో గుర్తుంచుకొనవలెను. బండికి, దారికి, విడిదికి, దారి చూపువాని శ్రమకు చెల్లించితిమి. పులికి చెల్లించలేదు; అది ఎవరును అమ్మదగిన వస్తువు కాదు. ఆలయమున ప్రత్యేక దర్శనమునకు రుసుము చెల్లించినవారు వరుసలో ఒక స్థానమును పొందుదురు. స్వామి కటాక్షమునకు చీటి ఏ కిటికీలోను దొరకదు. ఈ సంగతి మన భక్తులకు ఎవరును చెప్పనక్కరలేదు. గుడిలో తెలిసిన దానిని అడవిలో మరచుటయే తప్పు. మరియు పేదవాని ముందు నోట్లు చాచి అతని ధర్మమును కొనజూచుట అడవికి చేసిన అపచారముకంటె తక్కువది కాదు. ఆ యువకుని పూర్వులది ఆ యిల్లు. 2006లో వచ్చిన అటవీహక్కుల చట్టము అట్టివారి హక్కులను గుర్తించినది. ఇంటివాడు ఈ గదిలోనికి రావలదని చెప్పగా, అతిథి డబ్బు తీసి చూపునా?

రెండవ ఆక్షేపణ శాస్త్రము తెలిసినవారు చేయునది. "స్వామివారే పారువేటకు వెడలుచున్నారు గదా? మృగయ ఉత్సవములలో ఒకటి గదా?" అని. అవును. తిరుమలలో కనుమనాడు పారువేట ఉత్సవము జరుగును. అహోబిలమున కనుమతో ఆరంభమైన పారువేట నలువది దినములకు పైగా సాగును. స్వామి పల్లకిపై ముప్పదికి పైబడిన గ్రామములు తిరుగును. ఈ యాత్రకు మూలమైన కథ మన తెలుగువారందరికిని ప్రీతికరమైనది. నృసింహస్వామి చెంచులక్ష్మిని వలచి వివాహమాడెను. అందుచేత చెంచులు ఆయనను తమ యింటి బంధువుగా భావింతురు. ఫాల్గునమున జరుగు తన కల్యాణోత్సవమునకు పల్లెపల్లెకు పోయి స్వామియే స్వయముగా పిలుచుకొని వచ్చునని నమ్మిక.

ఆలోచింపుడు: పేరునకు ఇది వేట. కాని ఈ వేటలో చచ్చినది లేదు, చిక్కినది లేదు. వేటగాడుగా బయలుదేరినవాడు బంధువుగా గడపగడపకు చేరుచున్నాడు. వనములోనుండి ఏదియో పట్టి తెచ్చుటకు బదులు, వనవాసులను తన పెండ్లికి పిలుచుచున్నాడు. వేటయను మాటకు భగవంతుడిచ్చిన అర్థము ఇది. మన సఫారి యాత్రకు కూడ ఇట్టి అర్థమునే ఈయవలెను.

చూపుమన్నవాడు, నమ్మినవాడు

పులి కనబడని ఆ వనము దక్షిణపు కొసయందే అహోబిలము ఉన్నది. భగవంతుడు సగము మృగరూపము దాల్చి వెలువడిన క్షేత్రమది. ఆ కథలో ఇద్దరున్నారు. ఒకడు, ఉన్నవాడైనచో ఈ కంబమున చూపుమని గద్దించినవాడు. మరియొకడు, కనబడినను కనబడకున్నను అంతటను కలడని నమ్మి నిశ్చింతగా నిలిచినవాడు. చూపుమని అడిగిన హిరణ్యకశిపునకు స్వామి కనబడలేదని చెప్పలేము, కనబడినాడు. కాని ఆ చూపు అతనికి మృత్యువైనది. అడుగని ప్రహ్లాదునకు అదే రూపము అభయమైనది. కంటబడిన రూపము ఇద్దరికిని ఒక్కటియే. మనస్సులే వేరు.

తిరుప్పావై ఇరువదిమూడవ పాశురమున గోపికలు స్వామిని వేడిన తీరు దీనికి మరింత వెలుగునిచ్చును. వానకాలమున కొండగుహలో నిద్రించు సింహము తనకుతానై మేల్కొని, కన్నులు విప్పి, జూలు విదిల్చి, ఒడలు విరుచుకొని వెలుపలికి వచ్చునట్లు నీవు వచ్చి సింహాసనమున కూర్చుండి మా మనవి ఆలకింపుమని వారు ప్రార్థించిరి. వారు గుహలోనికి చొరబడలేదు. కర్రతో పొడిచి లేపలేదు. ద్వారమున నిలిచిరి. వచ్చుట సింహము ఇచ్ఛ. నిలుచుట వారి వంతు. మన సంప్రదాయమున పారతంత్ర్యమని పెద్దలు చెప్పునది ఇదియే. సన్నిధిలో మనము స్వామిని చూచుటకంటె స్వామి మనలను చూచుట ముఖ్యము. అడవిలో మూడు దినములు తిరిగిన మాకు పులి కనబడలేదు. మేము పులికి కనబడకుండ ఉండియుందుమని మాత్రము నేను అనుకొనను. వెదురు వెనుకనున్న ఆ తల్లికి ఆ సాయంకాలము రెండు రకముల మనుష్యులు కనబడియుందురు. నోట్లు చాచినవాడొకడు; బండి మరల్చినవాడొకడు. ఏమి చూచితిమని ఇంటికి పోయి చెప్పుకొందుము గాని, ఎట్లు చూడబడితిమని అడుగుకొనము. అసలు అడుగవలసినది ఈ రెండవదే.

చివరి దినముల మాట

ఇంతవరకు చెప్పినది సెలవు దినములను గూర్చి. ఈ సంగతి అంతటితో ఆగదు. అరువది దాటిన మావంటివారికి జీవితమే విడిదిలోని చివరి దినములవలె ఉన్నది. బాల్యమున ప్రతియొక్కటి వింత. నడివయసున కొన్ని మాత్రమే రుచించును. చివరకు ఏదియో ఒక్క కోరిక గుండెలో గూడు కట్టుకొని, తక్కినవన్నియు ఉండియు లేనట్లగును. ఇల్లు కట్టలేదనియో, కొడుకు దూరదేశమునుండి రాలేదనియో, ఫలానా గౌరవము దక్కలేదనియో ఆ యొక్కదాని కొరకే దారి విడిచి బండిని పొదలలోనికి త్రోలబోవుదుము. ఇచ్చిన దినములన్నియు లెక్కకు రావు. ఈయనిది ఒక్కటే లెక్కకు వచ్చును.

దీనికి వరాహ చరమశ్లోకము గొప్ప ఔషధము. దేహమును మనస్సును స్వస్థముగా ఉన్నపుడు నన్ను తలచిన భక్తుడు, అంత్యకాలమున కట్టెవలె రాతివలె పడియున్నపుడు నన్ను తలపలేకున్నను, నేనే వానిని తలంతునని స్వామి భూదేవికి మాట యిచ్చియున్నాడు. అనగా చివరి గడియలో మనము పెనగులాడి పట్టుకొనవలసినది ఏదియు లేదు. పట్టుకొను భారము ఆయనది. నడిమి దినములను సక్రమముగా గడపుటయే మన పని. ఈ విశ్వాసమున్నవాడు అడవినుండి గాని, ఉద్యోగమునుండి గాని, చివరకు ఈ దేహమునుండి గాని మరలునపుడు తడబడడు. దొరకని దానిని గూర్చి గొణుగుకొనక, దొరికిన సాలెగూటిమీది మంచుబిందువును తలచుకొని సంతోషించును.

మరలువారు పాటింపవలసినవి

అడవిలోని క్షేత్రములకు పోవు యాత్రికులమైన మనకు ఈ ధర్మము మరింత ఆవశ్యకము. అహోబిలమున పావన నృసింహుని సన్నిధికి, శ్రీశైలపు దారులలోనికి, శేషాచలపు మెట్లపైకి మనము పోవుచున్నది మృగముల యిండ్ల మీదుగానే. 2023 ఆగస్టులో అలిపిరి కాలిబాటలో చిరుతపులి దాడివలన ఆరేండ్ల బాలిక మరణించినది. ఆ తల్లిదండ్రుల దుఃఖము ముందు ఏ వేదాంతమును చాలదు. దానికి ఎవరిని నిందించుటకును ఈ మాట చెప్పుటలేదు. దారిప్రక్కన విడిచిన యన్నము, పండ్లతొక్కలు కుక్కలను, పందులను, కోతులను రప్పించును. వానికొరకు చిరుత వచ్చును. ఈ వరుస తెలిసినపుడు మన చేతిలోని పొట్లమును ఎచ్చట పారవేయుచున్నామో చూచుకొనుట భక్తిలో భాగమే అగును. హద్దు పాటించుట మృగమునకు మాత్రమే మేలు కాదు. మన బిడ్డలకును మేలు.

కావున అడవికి పోయిన గృహస్థులు మరలు దినమున నాలుగు సంగతులు గుర్తుంచుకొందురు గాక. తెచ్చినదానినంతయు, కాగితముముక్కతోసహ, తిరిగి తీసికొనిపోవలెను. కోతులకైనను చేతిమేత పెట్టరాదు. అది దయవలె కనబడు అపకారము. దారి చూపినవాడు వలదన్నచోటికి పొమ్మని నిర్బంధింపరాదు. అతడు వలదనినందులకే అతనికి కృతజ్ఞత చెప్పవలెను. చివరి దినమున పిల్లలను "ఏమి కనబడలేదు?" అని అడుగక, "ఏమేమి కనబడినవి?" అని అడుగవలెను.

మేము మరలివచ్చిన పిదప మా వీథిలోని వారందరును అడిగిన మాట ఒక్కటియే: "పులిని చూచితిరా?" మా మనుమడు మొదటి ఇద్దరికి లేదని చెప్పి తలవంచుకొనెను. మూడవవారికి, "పులి ఉంది. పిల్లలున్నాయట. మేము పోలేదు" అని చెప్పెను. మూడు చిన్న వాక్యములు. వానిలో విశ్వాసము ఉన్నది, దయ ఉన్నది, నిగ్రహము ఉన్నది. ఇంతకుమించి ఒక బాలుడు అడవినుండి తేదగిన ధనము ఏమున్నది?

గుహలయందును హృదయములయందును సమముగా వసించు శ్రీ అహోబిల లక్ష్మీనృసింహస్వామి, తానిచ్చినంతతో తృప్తినొంది, వీపు చూపక మరలు వినయమును మనకందరకును ప్రసాదించుగాక!